నేను ముక్కలు పరిచిన ఆట

పేక చేతికి వస్తే నేను ఆగలేను. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు అంటే అబద్ధం. కొంచెం గొప్పకే చెబుతున్నాను. ఆళ్లగడ్డ హైస్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్లూ, బోర్డు మీద లెక్క రాసి, పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకునేలోపే జవాబు కూడా రాసేసి చేతులు దులుపుకున్నవాణ్ణి. బ్రిడ్జి కూడా అలాగే ఆడేవాణ్ణి. డెబ్బైల చివర్లో ప్రతి ఆదివారం నంద్యాల వెళ్లి ఒక క్లబ్బులో ఆడేవాణ్ణి. అక్కడ మా టేబులు దగ్గర ఒక పంపకం ముగిసేసరికి పక్క టేబులు వాళ్లు ఇంకా ముక్కలు సర్దుకుంటూ ఉండేవారు. ఓడినా సరే, వేగంగా ఓడేవాణ్ణి. గెలిచిన రోజులే ఎక్కువ కాబట్టి ఆ వేగాన్ని అందరూ తెలివి అనుకున్నారు. వాళ్లకంటే ముందు నేనే అనుకున్నాను.

బ్రిడ్జి తెలియనివారికి నాలుగు మాటల్లో చెబుతాను. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జోడీ. మనిషికి పదమూడు ముక్కలు. తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు. పెద్ద ముక్క వేసినవాడిది ఆ పట్టు. మొదట వేలం పాట ఉంటుంది. ఏ రంగును తురుపుగా, అంటే అడిగిన రంగు చేతిలో లేనప్పుడు మిగతావాటిని కోసే రంగుగా, పెట్టుకుని ఎన్ని పట్లు చేస్తామో పాడుకోవాలి. పాట గెలిచిన జోడీలో ఆ రంగు ముందుగా చెప్పినవాడు ఆట ఆడతాడు. అతని జోడీదారు తన పదమూడు ముక్కలనూ అందరికీ కనిపించేలా టేబులు మీద పరిచేసి, ఆ పంపకం ముగిసేదాకా నోరు మెదపకుండా కూర్చోవాలి. అతన్ని డమ్మీ అంటారు. ఆడేవాడు తన ముక్కలూ డమ్మీ ముక్కలూ రెండూ తానే నడుపుతాడు. ఆట రుచి అంతా ఆడేవాడిది. మా జోడీలో ఆ ఆడేవాణ్ణి ఎప్పుడూ నేనే.

నా జోడీదారు రేడియోలు బాగుచేసే భాయి. నాకంటే పదేళ్లు పెద్ద. అహోబిలం జీపులు ఆగే చోట ఆయన అంగడి. సైన్యంలో వైర్‌లెస్ పని చేసి, అక్కడే బ్రిడ్జి నేర్చుకుని, ఊరికి వచ్చి అంగడి పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం మా ఇంటి రేడియో గొంతు పోతే తీసుకుని వెళ్లాను. ఆయన బల్ల మీద విప్పిన రేడియోలు ఒక పక్కకు నెట్టి, ఖాళీ జాగాలో న్యూస్‌పేపరు పరిచి, దాని మీద నాలుగు వైపులా ముక్కలు పెట్టుకుని కూర్చున్నాడు. నలుగురి ఆటా తానొక్కడే ఆడుతున్నాడు. ఒక వైపు ముక్క వేసి, లేచి, బల్ల చుట్టూ తిరిగి, రెండో వైపు నుంచి ఇంకో ముక్క వేస్తున్నాడు.

"ఏంది భాయ్, బ్రిడ్జా?" అన్నాను.

ఆయన తల ఎత్తి, నా చేతిలోని రేడియోను చూడకుండా నన్నే చూశాడు. "నీకొస్తాదా సారూ?" అన్నాడు. ఆ గొంతులో ఆశ నాకు ఇప్పటికీ గుర్తుంది. సైన్యం వదిలాక ఎన్నో ఏళ్లు ఆయనకు ఎదురుగా కూర్చునే మనిషి దొరకలేదట. ఆళ్లగడ్డలో పేక ఆడనివాడు లేడు గానీ అందరిదీ రమ్మీ, లేకపోతే తురుపాట. రేడియో ఆ రోజు బాగుకాలేదు. మరుసటి ఆదివారం ఆయన్ని నాతో నంద్యాల తీసుకుపోయాను.

క్లబ్బులో నాకు మెంబరుషిప్పు ఉంది. డిగ్రీ ఉన్న అయ్యవారిని కాబట్టి వకీళ్లూ, డాక్టర్లూ, బ్యాంకు మేనేజర్లూ నన్ను తమలో కలుపుకున్నారు. భాయికి లేదు. నా అతిథిగా రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వచ్చేవాడు. అలా మూడేళ్లు. పొద్దున మా చర్చిలో ఆరాధన ముగియగానే నేను బస్టాండుకు పరుగెత్తేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలోంచి, "దేవుని కాడ కూచున్నప్పుడన్నా ముక్కలు లెక్క పెట్టకుండా ఉండారా?" అని అడిగేది. ఆమె అనుమానం నిజమే, లెక్క పెట్టేవాణ్ణి. భాయి అప్పటికే బస్సులో నా కోసం రుమాలు వేసి సీటు పట్టి ఉండేవాడు. శిరివెళ్ల మెట్ట దాటేదాకా ఆయన పోయిన వారం ఆటల గురించి చెప్పేవాడు. ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో వారం తరవాత కూడా గుర్తుండేది ఆయనకు.

ఆయన ఆట పద్ధతి వేరు. డమ్మీ ముక్కలు పరుచుకోగానే తన ముక్కలు బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చోవాలనేవాడు. ఒక్క ముక్క కూడా కదిలించక ముందే మూడు సంగతులు తేల్చుకోవాలట. పోయే పట్లు ఎన్ని? అవి ఏ రంగులో పోతాయి? అందులో ఏది, ఎలా దాచుకోవచ్చు? "మొదటి ముక్క వేసినంక ఆలోచిస్తే అది ఆట కాదు సారూ, పోయినదానికి లెక్క" అనేవాడు. మరి నేనో? తురుపులు ఉంటే ముందు తురుపులు లాగేయడమే. ఎదుటివాళ్ల చేతుల్లో తురుపు లేకుండా చేస్తే ఆ తరవాత అంతా మనదే అని నా సిద్ధాంతం. పదిలో ఏడుసార్లు అది నడిచేది. మిగతా మూడుసార్లు ముక్కలు బాగాలేవనేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆట నాకే రావాలని నేను పాట పాడే తీరు మార్చుకున్నాను. భాయి ఆఠీన్లు అంటే నేను ఇస్పేట్లకు లాగేవాణ్ణి. ఆయన ఇస్పేట్లు అంటే నేను తురుపే వద్దని నోట్రంపు పాడేవాణ్ణి. ఇద్దరికీ ఒకేలా ఉన్న చోట నేను ముందు నోరు తెరిచేవాణ్ణి. తెలిసి చేశానా అంటే, సగం తెలిసే చేశాను. మూడేళ్లలో భాయి ఆట ఆడిన పంపకాలు నా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ ఆయన ముక్కలు పరిచి కూర్చున్నవే. ఆయన ఏమీ అనేవాడు కాదు. నేను ఆట తగలేసినప్పుడు మాత్రం, ముక్కలు కలుపుతూ, "పోనీలే సారూ" అనేవాడు.

అప్పుడు క్లబ్బులో కొత్త నిబంధన వచ్చింది. ఆటకు వచ్చేవాళ్లు పెరిగారు, టేబుళ్లు పెరగలేదు. వచ్చే నెల నుంచి బ్రిడ్జి టేబుళ్ల దగ్గర మెంబర్లు తప్ప అతిథులు కూర్చోకూడదని బోర్డు పెట్టారు. బోర్డు ముందు నిలబడి భాయి దాన్ని రెండుసార్లు చదివాడు. బస్సులో ఆ రోజు ఆటల గురించి మాట్లాడలేదు, కిటికీలోంచి కుందు నది వైపు చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు, "మళ్లీ న్యూస్‌పేపరు పరుచుకోవాల్సిందే సారూ" అని నవ్వాడు. మరుసటి వారమే ఆయన పేరుతో దరఖాస్తు రాయించి, ప్రతిపాదించినవాడిగా నా సంతకం గీకి సెక్రటరీ చేతిలో పెట్టాను.

సెక్రటరీ వకీలు. మంచివాడే గానీ కోర్టులో ఉన్నట్లే క్లబ్బులోనూ సాక్ష్యం అడుగుతాడు. వారం గడిచాక నన్ను వరండాలోకి పిలిచాడు.

"చూడు సారూ, రేడియోలు బాగుచేసేవాడని మేమేం వద్దనడంల్యా" అన్నాడు. కమిటీలో ఇద్దరు ముగ్గురు సరిగ్గా అందుకే వద్దంటున్నారని మా ఇద్దరికీ తెలుసు. "ఆయన ఆట మేం చూసిందే లేదు గదా. మూడేండ్ల నుంచి వస్తాండాడు, ముక్కలు పరుస్తాండాడు, టీ తాగుతాండాడు. ఆడేదంతా నువ్వే. జోడీ లేక ఎవురినో ఒకర్ని పిలుచుకొస్తాండావని అంటాండారు. నేనేం చెప్పాల?"

నాకు కోపం వచ్చింది. "ఆయన ఆట మీకెవరికీ రాదు" అన్నాను.

"అట్లయితే చూపియ్యి. వచ్చే ఆదివారం ఆట అయిపోయినంక కమిటీ కూచుంటాది. నేనూ మిల్లు ఆసామీ మీకు ఎదురు కూచుంటాం. చూస్తాం."

మిల్లు ఆసామిది దొర్నిపాడు. బియ్యం మిల్లు ఉంది, కమిటీలో మాట ఉంది. దరఖాస్తుకు అడ్డం తిరిగినవాళ్లలో ఆయనే మొదటివాడు. ఆయన వల్ల కాదు, సెక్రటరీ మాట వల్ల నాకు నిద్ర పట్టలేదు. భాయికి ఆట రాదని వాళ్లు అనుకోవడానికి కారణం ఎవరో నాకు అర్థమైంది. మూడేళ్లు ఆయన్ని డమ్మీగా కూర్చోబెట్టినవాణ్ణి నేనే.

ఆ ఆదివారం బస్సులో ఒట్టు పెట్టుకున్నాను. ఈ రోజు పాట తగ్గించుకుంటాను, ఆట ఆయనకు వదులుతాను అని. భాయికి ఈ సంగతి చెప్పలేదు. కమిటీ ఆ రోజే తేలుస్తుందని మాత్రం ఆయనకు తెలుసు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

ఒట్టు ఒట్టుగానే ఉండిపోయింది. సగం పంపకాలు ఎదుటివాళ్లు ఆడారు. మిగతా వాటిలో మంచి ముక్కలన్నీ నాకే వచ్చాయి. ఊరుకోవచ్చు గదా? ఆసులూ రాజులూ చేతిలో కనిపిస్తే నా నోరు నా మాట వినదు. భాయి ముక్కలు పరుస్తూనే ఉన్నాడు. పరిచిన ప్రతిసారీ సెక్రటరీ నా వైపు ఒక చూపు చూసేవాడు. నేను గెలుస్తూనే ఉన్నాను, గెలిచిన కొద్దీ నా ముఖం మాడిపోతూ ఉంది. అంత దిగులుగా గెలిచిన రోజు నా జీవితంలో ఇంకోటి లేదు.

సాయంత్రం అయిదు గంటలకు ఆ రోజుకు చివరి పంపకం వచ్చింది. ముక్కలు ఎత్తి చూశాను. ఇస్పేట్లు అయిదు, ఆసూ రాణీ ఉన్నాయి. ఆఠీన్లు అయిదు, ఆసూ రాజూ ఉన్నాయి. డైమండ్లు చిన్నవి రెండు, కళావరు ఒక్కటి. ఇస్పేటు అనకుండా ఎలా ఉండగలను? అన్నాను. భాయి నోట్రంపు అన్నాడు, అంటే ఆయన చేతిలో బలం ఉందన్నమాట. నేను ఆఠీన్లు చెప్పాను. ఆయన తిరిగి ఇస్పేట్లకు వచ్చాడు. నేను నాలుగు ఇస్పేట్లకు పాట ముగించాను. ఇస్పేట్లు తురుపు, పది పట్లు చేయాలి. ఆ రంగు ముందు చెప్పింది నేనే. చివరి ఆట కూడా నాదే అయింది. భాయి ముక్కలు పరవడానికి సర్దుకుంటున్నాడు. ఆ క్షణంలో నన్ను నేను తిట్టుకున్నంతగా ఇంకెవరినీ ఎప్పుడూ తిట్టలేదు.

మొదటి ముక్క వేయాల్సింది నా ఎడమచేతి వైపు ఉన్న సెక్రటరీ. ఆయన ఆలోచిస్తున్నాడు. అంతలో నా కుడిచేతి వైపు నుంచి టపీమని కళావరు రాజు టేబులు మీద పడింది. వేసింది మిల్లు ఆసామి.

మా పల్లెల్లో తురుపాట కుడిచేతి వైపు తిరుగుతుంది. పాట పాడినవాడికి కుడిపక్కవాడు మొదటి ముక్క వేస్తాడు. బ్రిడ్జి ఎడమచేతి వైపు తిరుగుతుంది. మిల్లు ఆసామి బ్రిడ్జి నేర్చుకుని రెండేళ్లు కాలేదు, తురుపాట మాత్రం బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆడుతున్నాడు. పొద్దుటి నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాడు. చివరి పంపకానికి అలసిపోయి, చేయి పాత దారి పట్టింది.

"ఏందప్పా ఇది! నాది గదా వేయాల్సింది!" అని సెక్రటరీ అరిచాడు.

"అయ్యో, మా ఊరనుకుంటినప్పా" అని ఆసామి నాలుక కరుచుకుని ముక్క తీసుకోబోయాడు.

"తీయద్దు, ఆడనే ఉండనీ" అని పక్క టేబులు నుంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. జూపాడు బంగ్లా వైపు కాలవల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరు ఆయన. తగాదా వస్తే క్లబ్బు నిబంధనల పుస్తకం తెరిచి తీర్పు చెప్పేది ఆయనే. అట్ట ఊడిపోయిన పుస్తకం తెచ్చి, కళ్లజోడు సర్దుకుని, వరస తప్పి ముక్క వేస్తే ఆడేవాడికి ఏమేం హక్కులున్నాయో ఒక్కొక్కటే చదివాడు. ఆ ముక్క వద్దని, అసలు వేయాల్సినవాడి చేత వేయించవచ్చు. లేదా దాన్ని ఒప్పుకుని తానే ఆడవచ్చు. "లేదంటే" అని పెద్దాయన వేలు పెట్టి చూపించాడు, "ముక్కను ఒప్పుకొని, నీ ముక్కలు పరిచి నువ్వే డమ్మీ కావచ్చు. నీ జోడీ ఆడతాడు. ఇది ఎవురూ చేయరులే."

మిల్లు ఆసామి భాయికి ఎడమచేతి వైపు కూర్చున్నాడు. అంటే భాయి ఆడేవాడైతే, ఆ రాజు వరస తప్పని ముక్కే అవుతుంది.

నేను ఆ రోజు ఒక్కసారే ఆలోచించాను, ఆ ఒక్కసారీ వేగంగానే ఆలోచించాను. ఆట కోసం చూసినా అది మంచి దారే. ఇస్పేట్లూ ఆఠీన్లూ అని నేను వాగిన వాగుడుకు నా చేతిలో ఏముందో టేబులు అందరికీ తెలిసిపోయింది. భాయి చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని పరిచి, తెలియనిదాన్ని దాచుకోవడమే మేలు. ఇవన్నీ తరవాత సెక్రటరీకి చెప్పడానికి పనికొచ్చిన మాటలు. అసలు కారణం నా ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో కూర్చుని, ముక్కలు పరవడానికి సిద్ధంగా ఉంది.

నా పదమూడు ముక్కలూ టేబులు మీద పరిచేశాను. "ఆడు భాయ్" అన్నాను.

భాయి నా ముక్కలు చూశాడు. నన్ను చూశాడు. సెక్రటరీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పక్క టేబుళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. భాయి తన ముక్కలు బోర్లించి, చేతులు కట్టుకున్నాడు.

ఇక నా నరకం మొదలైంది. డమ్మీకి నోరు లేదు, చేయి లేదు, ఎదుటివాడి ముక్కలు చూసే హక్కు లేదు. నా టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు. తాగడం మరిచిపోయాను. ఏం ఆలోచిస్తున్నాడీ మనిషి? కళావరు రాజు మీద ఆసు ఉంటే వేయడం, ఆపైన తురుపులు మూడుసార్లు లాగేయడం. నేనైతే ఈపాటికి ఆరు పట్లు చేసి ఉండేవాణ్ణి. మిల్లు ఆసామి కుర్చీలో ఇటూ అటూ కదిలాడు. "ఏంది సాయిబూ, నమాజుకు టైమైందా?" అన్నాడు. భాయి ఆయన వైపు చూడలేదు. గోడ గడియారం టిక్కుమంటూనే ఉంది.

అప్పుడు భాయి తన ముక్కలు ఎత్తి, కళావరు ఆసుతో మొదటి పట్టు తీసుకున్నాడు. తురుపు ముట్టుకోలేదు. చిన్న ఆఠీను వేసి నా చేతిలోని ఆసుతో పట్టుకున్నాడు. తరవాత నా ఆఠీను రాజు వేయించాడు. అదీ మనదే. మళ్లీ నా చేతి నుంచి చిన్న ఆఠీను అడిగాడు. సెక్రటరీ దానికంటే పెద్ద ఆఠీను వేశాడు. భాయి దగ్గర ఆఠీన్లు అయిపోయాయి. తురుపుతో కోయాలి. ఆయన వేసింది ఇస్పేటు జాకీ.

జాకీ! ఒక చిన్న ఆఠీను కోయడానికి అంత పెద్ద ముక్క ఎందుకు? చిన్న తురుపు లేదా ఈయన దగ్గర? పళ్లు కొరుక్కున్నాను. తరవాత వేయాల్సింది మిల్లు ఆసామి. ఆయన దగ్గర కూడా ఆఠీన్లు అయిపోయాయి. చేతిలో ఒక ముక్కను అప్పటికే సగం పైకి లాగి పట్టుకుని ఉన్నాడు. జాకీని చూసి, దాన్ని లోపలికి తోసేసి, పనికిరాని డైమండు ఒకటి పడేశాడు. ఆ సగం పైకి వచ్చిన ముక్క ఇస్పేటు తొమ్మిది అని తరవాత తెలిసింది. భాయి చిన్న తురుపుతో కోసి ఉంటే ఆ తొమ్మిది దాన్ని కొట్టేసేది.

అప్పుడు నాకు ఆట కనిపించింది. ఆడుతున్నప్పుడు ఎప్పుడూ కనిపించని ఆట, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కనిపించింది. నా చేతిలో చిన్న ఆఠీన్లు మూడు. తురుపులు ముందే లాగేస్తే భాయి చేతిలో తురుపు మిగలదు, ఆ ఆఠీన్లలో రెండు పోతాయి. నా డైమండ్లు రెండూ పోతాయి. నాలుగు పట్లు పోతే పాట పోయినట్లే. భాయి ఆ లెక్క మొదటి ముక్కకు ముందే వేసుకున్నాడు. కళావరు వేసి నా చేతిలో చిన్న తురుపుతో కోశాడు. మళ్లీ చిన్న ఆఠీను. ఈసారి తన ఇస్పేటు రాజుతో కోశాడు. ఆసామి ఇంకో డైమండు పడేశాడు. సెక్రటరీ దగ్గర ఆఠీన్లు అయిపోయాయి. నా చివరి ఆఠీను, ఆ చిన్న ఎనిమిది, ఇప్పుడు ఆ రంగులో అందరికంటే పెద్దది. అప్పుడు భాయి నిమ్మళంగా తురుపులు లాగడం మొదలుపెట్టాడు. మూడుసార్లు లాగాడు. ఎనిమిది వేశాడు. చివరి తురుపు వేశాడు. మిగిలిన రెండు డైమండ్లు ఆసామి ముందుకు జరిపి, "ఇవి నీవేప్పా" అన్నాడు. పది పట్లకు పదకొండు వచ్చాయి.

మిల్లు ఆసామి ముక్కలన్నీ తిరగేసి, నాలుగు చేతులూ మళ్లీ పేర్చుకుని చూసుకున్నాడు. "తొమ్మిది పట్టుకొని కూచుంటి. జాకీ ఏసినాడు గదప్పా" అని తనలో తాను అన్నట్లు అన్నాడు. ఆ తరవాత సెక్రటరీ వైపు తిరిగి, "ఆ దరఖాస్తు యాడుంది? బలపరిచేటోడు ఎవురన్నా ఉండాల గదా. నేనేస్తా సంతకం, తే" అన్నాడు. కమిటీ ఆ సాయంత్రం అయిదు నిమిషాలకంటే ఎక్కువసేపు కూర్చోలేదు. భాయి బస్సులో సీటు పట్టుకోవడానికి ముందే వెళ్లిపోయాడు. మెంబరుగా చేర్చుకున్నట్లు రాసిన కాగితం నేనే ఆయనకు బస్సు కిటికీలోంచి అందించాను. ఆయన దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదివాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం దగ్గర నేను ముక్కలు పరిచిన సంగతి మా ఆవిడకు మూడుసార్లు చెప్పాను. నాకంటే మంచివాడు ఆళ్లగడ్డలో లేడని ఆ రోజు గట్టిగా నమ్మాను.

మరుసటి ఆదివారం క్లబ్బుకు వెళ్లాం. నేను ఎప్పటి కుర్చీలో కూర్చుని, ఎదుటి కుర్చీ వైపు చేయి చూపించాను. భాయి ఆ కుర్చీ దాటిపోయి, నా కుడిపక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా మిల్లు ఆసామి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నట్లున్నారు.

అతిథి అయితే తీసుకొచ్చినవాడికి జోడీగానే కూర్చోవాలి. మెంబరుకు ఆ కట్టుబాటు లేదు, ఎవరితోనైనా ఆడవచ్చు. ఆ నిబంధన నాకూ తెలుసు. అది నా మీద పనిచేస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నా ఎదురుగా సెక్రటరీ కూర్చున్నాడు. ముఖం ఎర్రబడిందని నాకే తెలుస్తోంది. ఆ రోజు ఎలా ఆడానో అడగకండి.

తిరుగు బస్సులో భాయి మామూలుగానే రుమాలు వేసి నాకు సీటు పట్టాడు. మెట్ట దాటాక కోపం ఆగక అడిగేశాను. "నాతో ఆడేది అంత కష్టంగా ఉన్నిందా భాయ్?"

"కష్టమేం లేదు సారూ" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "నీ ఎదురుగా కూచుంటే నీ ఆట చూస్తా. బాగుంటాది నీ ఆట. కానీ నాకూ ఆడాలని ఉంటాది గదా."

నేను కిటికీ వైపు తిరిగాను. మూడేళ్లు వారం వారం ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని వచ్చాం. ఎవరి చేతిలో ఏ ముక్క ఉందని ఆయన్ని వెయ్యిసార్లు అడిగాను. నీకు ఆడాలని ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు.